ఐదో డబ్బాలో వేరే సినిమా

రెండు గంటల ఐదు నిమిషాలకు, ఐదో డబ్బాలో వేరే సినిమా ఉందని తేలింది.

మూత తీసింది ఆపరేటర్. ఆట మొదలయ్యే ముందు ప్రతి డబ్బా మూతా తీసి ఒకసారి వాసన చూడటం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు. పాత ఫిల్ము పాడవడం మొదలైతే వెనిగర్ వాసన వేస్తుంది. ఈ సినిమా తొమ్మిది రీళ్లూ ఘాటుగా ఆ వాసన వేసేవే. ఐదోది మాత్రం ఏ వాసనా వెయ్యలేదు. అనుమానమొచ్చి మూరెడు ఫిల్ము లాగి దీపానికి ఎదురుగా పట్టుకుంటే, అందులో ఎవరో ఆవిడ సబ్బుబిళ్ల పట్టుకుని నవ్వుతోంది.

ఆయన మెట్లు దిగి యజమానురాలికి చెప్పాడు. ఆవిడ వెంటనే డిటెక్టివ్‌కు ఫోన్ చేసింది. డిటెక్టివ్ ఆఫీసు రెండు వీధుల అవతలే కాబట్టి రెండుంపావుకల్లా ఆయన హాలు గుమ్మంలో ఉన్నాడు. ఆట మూడు గంటలకు. టిక్కెట్లు కొన్నవాళ్లు ఆరువందల మంది. చేతిలో ఉన్నది నలభై అయిదు నిమిషాలు.

పోయింది మామూలు రీలు అయితే ఇంత హడావిడి ఉండేది కాదు. ‘ఇద్దరికీ ఒకే నిచ్చెన’ అనే ఆ నలుపు తెలుపు సినిమాకు ప్రపంచంలో మిగిలింది ఈ ఒక్క కాపీ. నెగెటివ్ ఎప్పుడో గోడౌను మంటల్లో కాలిపోయింది. ఈ కాపీ ఒక టూరింగ్ టాకీస్ వాళ్ల ట్రంకుపెట్టెలో ఆరు నెలల కిందట బయటపడింది. అందులో హీరోలు ఇద్దరు. లావాటివాడు బస్తా, సన్నటివాడు బద్ద. సొంత పేర్లు ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేవు. ఇద్దరూ సున్నాలు వేసే పనివాళ్లు, ఉన్నది ఒక్క నిచ్చెన, వేయాల్సింది ఒక ఇల్లు, వేసింది పక్కిల్లు. మాటలు తక్కువ, దెబ్బలు ఎక్కువ. ఆ జంట తీసిన పదకొండు సినిమాల్లో ఇదే చివరిది. షూటింగు ముగిసే రోజుల్లో బస్తా చనిపోయాడు. బద్ద మళ్లీ కెమెరా ముందుకు రాలేదు.

డిటెక్టివ్ ఆ సినిమాను ఎనిమిదేళ్ల వయసులో ఈ హాల్లోనే చూశాడు. ముందు వరస బెంచీ, పక్కన నాన్న. పోస్టాఫీసులో రోజంతా ఉత్తరాలు వేరుచేసి వచ్చే నాన్న ఇంట్లో నవ్వగా చూసినవాళ్లు లేరు. అలాంటి మనిషి సున్నపు డ్రమ్ము దొర్లిపడి బద్ద నెత్తిమీదనుంచి కాళ్లదాకా తెల్లబడిపోయిన చోట నవ్వీ నవ్వీ బెంచీ మీదనుంచి జారి, కొడుకు భుజం పట్టుకుని ఆగాడు. ఆ తర్వాత వారం రోజులు గడ్డం గీసుకునేటప్పుడు నురగ మొహమంతా పూసుకుని, బద్దలా నిదానంగా కళ్లు ఆర్పి చూపించేవాడు. నాన్న గురించి తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఇప్పటికీ ఆ నురగే.

ఆ సీను ఐదో రీల్లో ఉంది.

యజమానురాలు వరండాలో ఎదురుపడింది. యాభై దాటిన మనిషి. మాట పొదుపు, నడక నిటారు. ఆవిడ బస్తా కూతురని ఊరందరికీ తెలుసు. తండ్రి పోయేనాటికి ఏడేళ్ల పిల్ల. తర్వాత ఈ హాలుగలవాళ్ల ఇంటికే కోడలుగా వచ్చింది. ఇవాళ్టి ఆటకు బద్దను ముఖ్య అతిథిగా పిలిచింది కూడా ఆవిడే. ఎనభై రెండేళ్ల బద్ద పన్నెండున్నరకే వచ్చేశాడు.

“ఆట ఆగకూడదు,” అందావిడ. “రీలు ఎవరు తీశారన్నది తర్వాత సంగతి. నాకు రీలు కావాలి. మూడింటికి కావాలి.”

డిటెక్టివ్ జవాబు చెప్పేలోపు మెట్లమీదనుంచి బూట్ల చప్పుడు వినిపించింది. జనాన్ని అదుపు చెయ్యడానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఆపరేటర్ మోచెయ్యి పట్టుకుని దిగుతున్నాడు. పదేళ్ల కిందట డిటెక్టివ్ దగ్గరే పని నేర్చుకున్నవాడు. డిటెక్టివ్ పోలీసు ఉద్యోగం వదిలేశాక ఆ కుర్చీ అతనికొచ్చింది. అప్పటినుంచీ ‘సార్’ అనే పిలుస్తాడు, ఆ పిలుపులో చిన్న ముల్లుంటుంది.

“మీకు శ్రమ ఇచ్చారు సార్. ఇది అయిపోయిన కేసు.”

వేళ్లు మడుస్తూ లెక్క చెప్పాడు. ఆపరేటర్ తొమ్మిది రీళ్లూ చేత్తో తిప్పి సరిచూసి, ఒంటిగంట పదికి కేబిన్‌కు తాళం వేసి భోజనానికి దిగాడు. ఒకటీ యాభైకి తిరిగొచ్చాడు. ఆ నలభై నిమిషాలూ గేట్‌కీపర్ మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పైకెవరూ వెళ్లలేదు, కిందికెవరూ రాలేదు. తాళం పగల్లేదు. తాళంచెవి ఒక్కటే, అది ఆపరేటర్ జేబులోనే ఉంది. కాబట్టి ఆపరేటరే ఒంటిగంట పదికల్లా రీలు మార్చేసి, ఎవరో సేకరణ పిచ్చివాడికి అందించి, రెండింటికి ఏమీ ఎరగనట్టు గోల పెట్టాడు.

ఆపరేటర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పదేళ్లుగా ఆ హాల్లో సినిమా డబ్బాల్లో రావడం మానేసింది. పుస్తకమంత పెట్టెలో వస్తుంది, బటన్ నొక్కితే ఆడుతుంది. మళ్లీ రీళ్లు తిప్పే రోజొచ్చిందని మనవడి పెళ్లికి కుట్టించుకున్న చొక్కా వేసుకొచ్చాడు. ఇప్పుడు ఆ చొక్కా మోచేతి దగ్గర నలిగిపోయి ఉంది. తలకొట్టేసినట్టు నేల చూస్తున్నాడు.

“దొంగిలించినవాడే రీలు పోయిందని పరుగెత్తుకొచ్చి చెబుతాడా?” అన్నాడు డిటెక్టివ్. “డబ్బాలో సబ్బు ప్రకటన ఉందని తెరమీద పడేదాకా ఎవరికీ తెలిసేది కాదు. అప్పటికి ఊరు దాటి ఉండొచ్చు కదా.”

“తెలివైనవాడు అలాగే చేస్తాడు సార్.”

“తెలివైనవాడైతే నలభై ఏళ్లు స్టూలు మీద కూర్చోడు. చెయ్యి వదులు. మూడింటి దాకా ఆయన నాతో ఉంటాడు. అప్పటికీ రీలు దొరక్కపోతే నీ జీపులో నేను కూడా ఎక్కుతాను.”

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. యజమానురాలి మొహం చూశాడు. చెయ్యి వదిలాడు. “మూడంటే మూడే సార్. మీరు నేర్పిందే.”

కేబిన్ బాల్కనీ వెనక, సన్నటి నడవా చివర ఉంది. ఆపరేటర్ తలుపు చూపిస్తూ తాళం గురించి వాపోయాడు. దానంత మొండి తాళం ఊళ్లో లేదట. రెండుసార్లు వెనక్కి తిప్పి, మూడోసారి ముందుకు తోస్తేగాని ఊడదట. మరి ఇవాళ భోజనం చేసి వచ్చాక ఎలా తెరిచావని డిటెక్టివ్ అడిగితే ఆపరేటర్ ఒక్క తిప్పుకే వచ్చేసిందని ఒప్పుకున్నాడు. పాత సినిమా వచ్చిన వేళ తాళానికి కూడా బుద్ధొచ్చిందని మురిసిపోయాడట.

డిటెక్టివ్ చిన్న కాగితం ముక్కను పుల్లలా చుట్టి తాళంచెవి రంధ్రంలోకి దూర్చి బయటికి తీశాడు. కొసన పలచటి నూనె మరక. రంగు లేదు, వాసన లేదు. ప్రొజెక్టర్‌కు వేసే నూనె చూపించమన్నాడు. అది తేనెలా చిక్కగా, పసుపుపచ్చగా ఉంది.

“మీ దగ్గర ఇంకో నూనె ఉందా?”

“తలకి రాసుకునేదుంది సార్, ఇంట్లో.”

లోపల గోడ పొడవునా చెక్క అర ఉంది. పాత ప్రకటనల రీళ్లు పదో పన్నెండో దుమ్ము కొట్టుకుని వరసగా ఉన్నాయి. నాలుగో దాని పక్కన దుమ్ములో గుండ్రటి ఖాళీ. పళ్లెం తీసేసినట్టు శుభ్రంగా ఉంది. డిటెక్టివ్ ఆ గుండ్రాన్ని కాసేపు చూశాడు. వచ్చినవాడు డబ్బాలో పెట్టడానికి బయటినుంచి ఏమీ తెచ్చుకోలేదు. ఇక్కడున్నదే అప్పటికప్పుడు తీసి పెట్టాడు. చేతులు ఖాళీగా వచ్చినవాడు. లేదా అసలు ఎక్కడినుంచీ రానివాడు.

ప్రొజెక్టర్ల మధ్య గోడకు పలక వేలాడుతోంది. దానిమీద సుద్దతో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, అయిదుకీ ఆరుకీ మధ్య నిలువు గీత. ఆ గీత విశ్రాంతి అట.

“తొమ్మిది రీళ్ల సినిమాకి విశ్రాంతి ఐదు తర్వాత ఇస్తారా?”

“నాలుగు తర్వాతే సార్, అప్పట్నుంచీ. ఇవాళ అమ్మగారు మార్చమన్నారు. ఐదో రీలు కాగానే దీపాలన్నీ వెయ్యమన్నారు, మైకు తెచ్చి పెట్టమన్నారు.”

డిటెక్టివ్ బయటికొచ్చాడు. రెండూ ముప్పై. గేట్‌కీపర్ చెప్పింది అబద్ధం కాదు. పైకెవరూ వెళ్లలేదు. కానీ పైన ఎవరైనా ఉన్నారా అని ఇన్‌స్పెక్టర్ అతన్ని అడగలేదు. అడిగినా ఆ మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకునేవాళ్లు కారు.

ముందు యజమానురాలితో ఒక మాట మిగిలింది. ఆవిడ నడవా మొదట్లోనే నిలబడి ఉంది. కింద వరండా గోడకు పెద్ద ఫోటో తగిలించారు. అందులో బద్ద భుజాలమీద ఎక్కి కూర్చుని, ఆయన చెవులు రెండూ పట్టుకుని ఒక చిన్నపిల్ల నవ్వుతోంది. ఆ పిల్ల మీరే కదా అని డిటెక్టివ్ అడిగాడు. అవునంది. చిన్నప్పుడు ఆయన్ని ఏమని పిలిచేవాళ్లని అడిగాడు.

“బాబాయి అని.”

“ఇవాళ పొద్దుట్నుంచీ ‘ఆ మనిషి’ అంటున్నారని ఆపరేటర్ చెప్పాడు. విశ్రాంతి ఎందుకు మార్చారు?”

“రీలు వెతకమని పిలిచాను మిమ్మల్ని.”

“వెతుకుతున్నాను. అది వెతకాలంటే ఇది తెలియాలి. దీపాలు వేసి మైకులో ఏం చెప్పబోతున్నారు?”

ఆవిడ గొంతు పెంచలేదు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో పక్కటెముకలు విరిగి పడుకుని తన తండ్రి ఎలా పోయాడో చెప్పింది. ఏ సీను చూసి ఊళ్లకు ఊళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాయో, ఆ సీనులో ఆయన నిజంగా పడ్డాడని చెప్పింది. కింద నిచ్చెన పట్టుకోవాల్సినవాడు పట్టుకోలేదని అమ్మ బతికున్నన్నాళ్లూ అన్నమాట చెప్పింది. రీళ్లు దొరికాక ఒక్కతే కూర్చుని చూసింది. అమ్మ అన్నట్టే ఉంది. నిచ్చెన ఊగింది, తండ్రి పడ్డాడు, కింద బద్ద తెల్లటి బొమ్మలా నిలబడి ఉన్నాడు.

“ఆరువందల మంది నవ్వుతారు. దీపాలు వేస్తాను. మీరు దేన్ని చూసి నవ్వారో తెలుసా అని అడుగుతాను. ఆయన్ని కూడా అడుగుతాను. అంతే.”

డిటెక్టివ్‌కు నాన్న చెయ్యి తన భుజం మీద పడినట్టనిపించింది. ఆ సీను చూసి నవ్వినవాళ్లలో తామిద్దరూ ఉన్నారు. బాల్కనీ తలుపు తోశాడు.

బద్ద ఆఖరి వరసలో, కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. పొడుగాటి కోటు, మోకాళ్ల మీద గళ్ల దుప్పటి, పక్కన చేతికర్ర. ఖాళీ హాలు చూడాలని ఉందంటే పన్నెండూ నలభై అయిదుకు యజమానురాలే చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి కూర్చోబెట్టింది. అప్పటినుంచీ దిగలేదు. డిటెక్టివ్ వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు. దగ్గరికి వెళ్లేసరికి వెనిగర్ వాసన గుప్పున తగిలింది.

“సినిమాలు మానేశాక మీరేం చేశారు?”

“మా బావమరిదికి గడియారాల కొట్టుండేది. అక్కడ కూర్చున్నాను. నలభై ఆరేళ్లు.”

“నూనె ఏది వాడతారు?”

“గడియారాలకా?”

“తాళాలకి.”

ముసలాయన తలతిప్పి చూశాడు. తర్వాత చాలా నిదానంగా, ఒక కన్ను తర్వాత ఒక కన్ను ఆర్పాడు. అద్దం ముందు నురగ మొహంతో నాన్న చేసి చూపించింది అచ్చం ఇదే.

“నువ్వు మా సినిమాలు చూసినవాడివే,” అన్నాడు బద్ద. దుప్పటి పక్కకు తీశాడు. ఒళ్లో రీలు ఉంది.

దాచడానికి ఆయన ప్రయత్నించలేదు. ఆహ్వానం అందినప్పుడే అర్థమైందట. సన్మానానికి పిలిచినవాళ్లు ఉత్తరంలో ఒక్క సీను గురించే మూడుసార్లు రాయరు. పిలిచింది సాక్ష్యానికి. రాకుండా ఉండొచ్చు. కానీ బస్తా కూతురు పిలిస్తే రాకుండా ఎలా ఉంటాడు? ఆ సినిమా ఆయన ఇంతవరకూ చూడలేదు. పోస్టరు కనబడితే వీధి మార్చేవాడు. అందరితోపాటు మొదటిసారి చూసే ధైర్యం లేక, ముందుగా ఒక్కడే చూసుకోవాలనుకున్నాడు. ఆపరేటర్ మెట్లు దిగిన చప్పుడు విని లేచాడు. తాళం తియ్యడానికి జేబులోని పనిముట్లతో మూడు నిమిషాలు పట్టింది. డబ్బా ఖాళీగా ఉంటే తేలిగ్గా దొరికిపోతానని అరలోంచి ఒక రీలు తీసి పెట్టాడు. తిరిగొచ్చి కూర్చుని దుప్పటి కప్పాడు. గంట దాటింది. ఒక్క అడుగు కూడా విప్పలేకపోయాడు.

“నిచ్చెన ఊపాలి. వాడు కిటికీ చట్రం పట్టుకుని వేలాడాలి. నేను మూడు లెక్కపెట్టి నిచ్చెన మళ్లీ పట్టుకోవాలి. ఇరవై సార్లు రిహార్సలు చేశాం. ఆ రోజు వాడు పైనుంచి నాకేసి చూసి మొహం అదోలా పెట్టాడు. రిహార్సల్లో లేదది. నాకు నవ్వొచ్చింది బాబూ. నిజం నవ్వు. మూడుకి పట్టుకోవాల్సింది నాలుగుకి పట్టుకున్నాను.”

“తర్వాత?”

“తర్వాత కళ్లనిండా సున్నం. ఏం కనబళ్లేదు. జనం చప్పట్లు కొడుతున్నారు. వాడు లేచి దండం పెట్టాడట కెమెరాకి. అలా పెట్టాలని స్క్రిప్టులో ఉందిగా, పెట్టాడు.”

రెండూ ముప్పై ఎనిమిది. డిటెక్టివ్ లేచి కిటికీ రెక్క తెరిచాడు. ఎండ నేరుగా లోపలికి పడింది. గడియారాలవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం కావాలని చెయ్యి చాపాడు. బద్ద కోటు జేబులోంచి తీసి ఇచ్చాడుగాని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. డిటెక్టివ్ రీలు ఒళ్లో పెట్టుకుని, కొసలు నేలకు తగలకుండా దుప్పటి మీద పరుచుకుంటూ ఫిల్మును వేళ్లమధ్య జార్చాడు. నిచ్చెన వచ్చింది. ఊగింది. తెరమీద అరక్షణంలో అయిపోయేది ఇక్కడ పన్నెండు బొమ్మలు. ఒక్కొక్కటీ గోరంత.

ఒక బొమ్మలో బస్తా చేతులు రెండూ కిటికీ చట్రాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. తర్వాతి దాంట్లో చేతులు లేవు.

డిటెక్టివ్ తిరిగి వెనక్కి జరిపి చూశాడు. మళ్లీ ముందుకు. నిచ్చెన అప్పటికే ఊగడం ఆపేసింది. బద్ద చేతులు నిచ్చెన మీదే ఉన్నాయి. ఆలస్యంగానే కావచ్చు, పట్టుకున్నాడు. పైనున్నవాడు పడటం ఆ తర్వాత.

నడవాలోకి వెళ్లి యజమానురాలిని రమ్మన్నాడు. ఆవిడ తలుపు దగ్గరే ఆగిపోయింది. బద్ద పక్క సీట్లో రీలు, దుప్పటి మీద ఫిల్ము చుట్టలు, ఎండ. సంగతి ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

“కాల్చేద్దామనుకున్నారా?” అంది బద్దతో.

డిటెక్టివ్ భూతద్దం ఆవిడ చేతిలో పెట్టాడు. “తిట్టేది తర్వాత తిట్టండి. మీరు ఈ సీను పరుగెడుతుంటే చూశారు. ఆగితే ఎలా ఉందో చూడండి.”

ఆవిడ కంటికి పెట్టుకుంది. చాలాసేపు కదల్లేదు. తండ్రి మొహం అంత దగ్గరగా, అంత నిలకడగా ఆవిడ చూసి ఎన్నేళ్లయిందో. పెదవులు కదుపుతూ బొమ్మలు లెక్కపెడుతోంది. ఆరో బొమ్మ దగ్గర ఆగింది.

“ఇక్కడ నాన్న కాలు గోడకి ఆనించి ఉంది. మోకాలు ముడిచి ఉంది. తర్వాతి దాంట్లో మోకాలు చాపి ఉంది.” తల పైకెత్తింది. “జారిపోతున్నవాడు కాలు గోడకి ఎందుకు ఆనిస్తాడు?”

జవాబు తెలిసిన మనిషి గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

“మీకే తెలుస్తుంది,” అందావిడ ఆయనతో. “చూసి చెప్పండి.”

“నావల్ల కాదు తల్లీ.”

“నలభై ఆరేళ్లు మేం దీన్ని మోశాం. మీరు ఒక్కసారి చూడండి.”

బద్ద ఇటు తిరిగాడు. భూతద్దం అలవాటుగా కంటి గుంటలో ఇమిడిపోయింది. ఆవిడే ఫిల్ము పట్టుకుంది. ఒక్కో బొమ్మా జరుపుతూ వెళ్లింది. ఆయన మొదట ఊపిరి బిగబట్టి చూశాడు, తర్వాత పనివాడి చూపుతో చూశాడు. వెనక్కి జరపమన్నాడు. ఆ పైమూల ఏముందని అడిగాడు.

పైమూల, కిటికీ పక్కన గట్టుమీద, ఇనప డ్రమ్ము. నిండా సున్నం. తర్వాతి షాట్ దాకా తాడుతో కట్టి ఉండాల్సినది. నిచ్చెన ఊగి తగిలినప్పుడు తాడు ఊడినట్టుంది. మూడో బొమ్మలో కొంచెం వాలింది. నాలుగులో ఇంకొంచెం. దానికి సరిగ్గా కింద, నిచ్చెన పట్టుకుని, నవ్వుతూ, బద్ద తల.

“పడటం మా పని,” అన్నాడు ఆయన. “జారినవాడి కాలు గాల్లో ఉంటుంది. ఇది తన్నిన కాలు. వాడికి చట్రం దొరికింది. రెండు చేతులా దొరికింది. వేలాడుతూ ఉంటే వాడికేం కాదు.” ఏడో బొమ్మ మీద వేలు పెట్టబోయి, తాకకుండా ఆపాడు. “గోడని తన్ని, భుజంతో డ్రమ్ముని అటు తోశాడు. డ్రమ్ముతో పాటు తనూ పోయాడు. నా వీపు పక్కన పడింది అది. సున్నం ఒక్కటే నామీద పడింది.”

కింద జనం సీట్లలోకి వస్తున్న చప్పుడు మొదలైంది.

“జారలేదు,” అందావిడ చివరికి. “వదిలేశాడు.”

ఆవిడ భూతద్దం తీసుకుని మరోసారి చూసింది. ఈసారి కాలు చూడలేదు, చేతులు చూడలేదు. కిందికి చూస్తున్న తండ్రి మొహం ఒక్కటే చూసింది. భూతద్దం కంటినుంచి తీసేసరికి అది తడిసి ఉంది. కొంగుతో తుడిచి బద్ద జేబులో తనే పెట్టింది.

సరిగ్గా మూడింటికి ఇన్‌స్పెక్టర్ తలుపు తోశాడు. ముగ్గుర్నీ చూశాడు, రీలు చూశాడు, ముక్కు ఎగబీల్చాడు. అతను మందమతి కాదు. మెట్లు, గేట్‌కీపర్, బాల్కనీ, అన్నీ ఒక్క చూపులో కలుపుకున్నాడు. ఇందాక ఆపరేటర్‌ను పట్టుకున్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

“తాళం ఎవరు తీశారో ఇప్పుడు నేను రాసుకోవాలి కదా సార్,” అన్నాడు.

యజమానురాలు లేచి నిలబడింది. “పోయిందన్నదీ నేనే, దొరికిందంటున్నదీ నేనే. నా హాలు, నా రీలు. ఫిర్యాదు లేదు.”

“కేబిన్‌లో ఒక పెద్దమనిషి నలిగిన చొక్కాతో కూర్చున్నాడు,” అన్నాడు డిటెక్టివ్. “ఆయనకి ఒక మాట చెప్పాలి. అది నా చేత చెప్పించకు.”

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకుని నడవాలోకి వెళ్లాడు. లోపల ఏమన్నాడో వినబడలేదుగాని, మిగతావాళ్లు రీలు తీసుకుని వెళ్లేసరికి ఆపరేటర్ అతనికి ప్రొజెక్టర్ లెన్సు ఎలా తుడుస్తారో చూపిస్తున్నాడు.

ఆపరేటర్ ఐదో రీలును మళ్లీ చుట్టి, చివరంటా చేత్తో తడిమి, ఎక్కడా గీత పడలేదని తేల్చాడు. యజమానురాలు పలకమీద సుద్దగీత చెరిపి, నాలుగుకీ అయిదుకీ మధ్య గీసింది. మైకు తీసేయమంది. మూడుంపావుకు దీపాలు ఆరాయి.

విశ్రాంతి అయ్యాక ఐదో రీలు మొదలైంది. బద్దను కింద ముందు వరసలో కూర్చోబెట్టడానికి వేసిన కుర్చీ ఖాళీగానే ఉంది. ఆయన బాల్కనీ దిగనన్నాడు. ఆవిడ ఆయన పక్కనే కూర్చుంది, డిటెక్టివ్ వెనక సీట్లో. నిచ్చెన ఊగింది. అరక్షణం. కన్ను ఎంత చించుకున్నా చట్రం మీద చేతులు కనబడలేదు, గోడమీద కాలు కనబడలేదు. డ్రమ్ము దొర్లిపడింది, బద్ద తెల్లబడ్డాడు, నేలమీదనుంచి బస్తా లేచి, ఒక చెయ్యి పక్కటెముకల మీద పెట్టుకుని, రెండో చేత్తో కెమెరాకు దండం పెట్టాడు. ఆరువందల మంది ఒక్కసారిగా నవ్వారు. బెంచీలు పోయి సీట్లు వచ్చినా నవ్వు అదే. గుమ్మం దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ కూడా నోరు మూసుకుని భుజాలు కుదుపుతున్నాడు.

డిటెక్టివ్‌కు నవ్వాలో వద్దో తెలియలేదు. నాన్న ఉంటే అడిగేవాడు.

ముందు సీట్లో ముసలాయన ముందుకు వంగి, తెరమీద దండం పెడుతున్న లావాటి మనిషిని కళ్లార్పకుండా చూస్తున్నాడు. రీలు అయిపోతోందని చెప్పే చివరి చుక్కలు తెరమీద మెరిసేదాకా అలాగే ఉన్నాడు.

“మళ్లీ వెయ్యమను,” అన్నాడు.

ఆటమధ్యలో ఒకే రీలు రెండుసార్లు వేసిన దాఖలా ఆ హాలు పుట్టాక లేదు. కేబిన్‌కు వెళ్లి చెబుదామని డిటెక్టివ్ లేవబోయాడు. అప్పటికే ఆవిడ లేచి, చీకట్లో సీట్ల వీపులు తడుముకుంటూ నడవావైపు నడుస్తోంది.